కనిపించకుండా పోయిన ఎర్ర గంగరావి

ఉప్పులమెరక రేవులో తీర వృక్ష సంరక్షణ సంస్థ వారి శాఖా కార్యాలయం ఒకటి ఉంది. దాని గుమ్మానికి ఎదురుగా ఒక గంగరావి చెట్టు ఉంది. సంస్థ సంరక్షించవలసిన వేలాది చెట్లలో, ఉద్యోగులు కుర్చీలోంచి లేవకుండా సంరక్షించగలిగినది అదొక్కటే. అందుచేత దాన్ని వాళ్లు ఎంతో శ్రద్ధగా చూసుకునేవారు. అంటే దాని జోలికి వెళ్లేవారు కారు. చెట్టు కూడా అందుకు కృతజ్ఞతగా ఏపుగా పెరిగింది.

కార్యాలయానికి పెద్ద పేరిచర్ల దక్షిణామూర్తి. మనిషి మెతక. పైవాళ్ల మాటకి ఎదురు చెప్పడం ఎరగడు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఏ పనీ తన చేతుల మీదుగా చెడిపోకూడదన్నది ఆయన నియమం. అందుకు ఆయన కనిపెట్టిన ఉపాయం, ఏ పనీ తన చేతుల మీదుగా జరగకుండా చూసుకోవడం. ఆ విధంగా ఒక్క మచ్చ కూడా లేకుండా రిటైర్మెంటు దగ్గరకొచ్చాడు.

ఊరివాళ్లకి మాత్రం ఆ చెట్టుతో బోలెడు పనులు. పొద్దున్నే వేటనుంచి పడవలు రాగానే చేపల వేలంపాట దాని నీడలోనే జరిగేది. పడవలు చేసే మల్లాడి కామేశు దాని కొమ్మల్ని కిందనుంచి చూస్తూ తిరిగేవాడు. పడవ కడుపులో పక్కటెముకల్లా బిగించడానికి గంగరావి చెక్కంత మంచిది లేదు. ఉప్పునీళ్లలో నానినా పుచ్చదు. ఏ కొమ్మ ఎటు వంగి ఎదుగుతోందో, అది ఏ పడవకి సరిపోతుందో ఆయనకి కంఠతా వచ్చు. గాలివానకి ఒక కొమ్మ విరిగితే చాలు, ఎవరికీ చెప్పకుండా భుజాన వేసుకుపోయేవాడు. తామర పట్టిన వాళ్లు పచ్చికాయ గిల్లి, కారిన పసుపుపాలు రాసుకునేవారు. పిల్లలు ఆకుని చుట్టి బూరలు ఊదేవారు. చెట్టు మొదట్లో టీ బడ్డీ పెట్టుకున్న సంగాడి నూకరత్నం వేడివేడి గారెలు ఆ ఆకులోనే పెట్టి చేతికిచ్చేది. దక్షిణామూర్తి రోజూ పదిన్నరకి ఒకటీ, నాలుగున్నరకి ఒకటీ అక్కడే టీ తాగేవాడు. ఆయన ఉద్యోగ జీవితంలో క్రమం తప్పకుండా జరిగిన పనులు ఆ రెండే.

ఇంతకీ గంగరావి పువ్వు సంగతి ఒకటి చెప్పుకోవాలి. పొద్దున్న విచ్చినప్పుడు అది పచ్చటి పసుపు. పొద్దు వాలే వేళకి కమిలి ఎర్రగా అవుతుంది. రాత్రి సముద్రపు గాలికి రాలిపోతుంది. తెల్లారేసరికి నూకరత్నం చీపురు కిందకి వస్తుంది. తీరంలో పుట్టిన ప్రతివాళ్లకీ ఈ సంగతి తెలుసు. తెలుసు గనకే ఎవరూ దీని గురించి మాట్లాడుకోరు.

ఆ ఏడాది రాజధానిలో ఎవరికో చెట్లను లెక్కపెట్టించాలన్న ఉత్సాహం పుట్టింది. మనిషికి గుర్తింపు సంఖ్య ఉన్నప్పుడు చెట్టుకి మాత్రం ఎందుకుండకూడదన్నారు. ప్రతి చెట్టుకీ ఒక సంఖ్య, అది నిలబడిన చోటు, మనిషికి పుట్టుమచ్చలా గుర్తుకోసం పువ్వు రంగు, ఇవి రాసుకోవాలన్నారు. పొద్దున్న సంస్థ ఉద్యోగులు లెక్క రాశారు. వాళ్లు సరిగ్గా రాశారో లేదో చూడమని ఒక ప్రైవేటు ఏజెన్సీకి అప్పగిస్తే, ఆ ఏజెన్సీ కాలేజీ పిల్లల్ని పెట్టుకుని, క్లాసులు అయ్యాక, సాయంత్రాలు లెక్క రాయించింది.

రెండు లెక్కలూ కలిపి కంప్యూటరులో పోశారు. ఒకే చోట పొద్దున్న పసుపు పూల గంగరావి, సాయంత్రం ఎర్ర పూల గంగరావి కనిపించాయి. ఒక చెట్టుకి రెండు రంగులుంటాయంటే కంప్యూటరు ఒప్పుకోలేదు. ఒకే చోట రెండు చెట్లున్నాయంటే మాత్రం ఒప్పుకుంది. అపార్టుమెంట్ల కాలంలో అదేమంత వింత కాదనుకుంది కాబోలు. దాంతో తీరం పొడవునా గంగరావి చెట్లు ఒక్క వారంలో రెట్టింపయ్యాయి. సంస్థ సంచాలకులు సన్మానం చేయించుకున్నారు. వేదిక మీద ఆయన, పచ్చదనం పెంచడానికి నీళ్లూ ఎరువులూ కాదు, చిత్తశుద్ధి కావాలన్నారు.

చిక్కల్లా తరవాత వచ్చింది. లెక్క నిజమో కాదో మచ్చుకి ఒకచోట పరీక్షించాలని నియమం ఉంది. చీటీ తీస్తే ఉప్పులమెరక వచ్చింది.

పరీక్షకి వచ్చినవారు ఉపసంచాలకులు కొడమంచిలి ప్రభంజనరావుగారు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టుంటుంది. చెట్టు ముందు నిలబడి, చేతిలో కాగితం చూసి, చెట్టుని చూసి, చెట్టు వెనక్కి వెళ్లి చూసి, మళ్లీ ముందుకొచ్చారు.

"మూర్తిగారూ, పసుపు వృక్షం తనిఖీకి హాజరైంది. ఎర్ర వృక్షం ఏది?"

దక్షిణామూర్తి నవ్వబోయి, పైవారి ముఖం చూసి మానుకున్నాడు. సాయంత్రం దాకా ఉంటే అదే కనిపిస్తుందని వినయంగా మనవి చేసుకున్నాడు. తనిఖీలు పది గంటలకూ అయిదు గంటలకూ మధ్యనే జరగాలని నియమం ఉందని, చీకటి మాటున జరిగే తనిఖీలు అనుమానాలకు తావిస్తాయని ఉపసంచాలకులు సెలవిచ్చారు. అయిదింటికి కూడా పువ్వులు ఇంకా పసుపు మీదే ఉంటాయి. వేసవి పొద్దు అంత త్వరగా వాలదు.

అయితే రాత్రి రాలిన ఎర్ర పువ్వులు చూపిస్తానని దక్షిణామూర్తి నూకరత్నం ఊడ్చిపోసిన చెత్తకుప్ప దగ్గరకి తీసుకెళ్లాడు. అందులో వాడిన ఎర్ర పువ్వులు గుప్పెడు దొరికాయి. ఆయన ప్రాణం లేచొచ్చింది. ఉపసంచాలకులు ఒక పువ్వుని రెండు వేళ్లతో ఎత్తి, చాలాసేపు పరిశీలించారు.

"అంటే ఎర్ర వృక్షం ఇక్కడే ఉండేదన్నమాట. ఇక్కడే నరికారన్నమాట. ఆనవాళ్లు ఊడ్చేసిన మనిషి ఎవరు?"

ఆనవాళ్లు ఊడ్చేసిన నూకరత్నం అప్పుడు ఆయనకి టీ కలుపుతోంది.

మూడో రోజుకల్లా కాగితం వచ్చేసింది. దక్షిణామూర్తి సంరక్షణలో ఉన్న ఎర్ర పూల గంగరావి వృక్షము ఒకటి అదృశ్యమైనందున, సదరు విషయమై పోలీసులకు ఫిర్యాదు చేసి, విచారణకు సిద్ధంగా ఉండవలెనని దాని సారాంశం. ఫిర్యాదు తీసుకోవడానికి కానిస్టేబులు వచ్చాడు. మనుషులు తప్పిపోయినప్పుడు అడిగే ప్రశ్నలే ఆయనకి తెలుసు. అవే అడిగాడు. చివరిసారి ఎప్పుడు కనిపించిందన్నాడు. నిన్న సాయంత్రం అన్నాడు దక్షిణామూర్తి. ఎక్కడన్నాడు. ఇక్కడే. ఎవరితో ఉందన్నాడు. కాకులతో. పోయేముందు ఎవరితోనైనా గొడవ పడిందా అన్నాడు. దక్షిణామూర్తి ఆలోచించి, అలాంటిదేమీ తన దృష్టికి రాలేదన్నాడు. చెట్టు ఫోటో ఉందా అంటే, సాయంత్రం వస్తే తీసిస్తానన్నాడు. సాయంత్రం బందోబస్తు డ్యూటీ ఉందని, దొరికితే స్టేషనుకి తీసుకురమ్మని చెప్పి కానిస్టేబులు వెళ్లిపోయాడు.

ఆ పూట దక్షిణామూర్తి ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండిపోయాడు. ఆయన భార్య సుభాషిణి హైస్కూల్లో లెక్కల టీచరు. సంగతంతా వినేసరికి ఆవిడకి నవ్వాగలేదు. కాసేపటికి మొగుడి ముఖం చూసి నవ్వు మాని, మజ్జిగ పోస్తూ అంది:

"మీరు ఉన్నది చెబుతున్నారు. అందుకే వాళ్లకి ఎక్కడం లేదు. వాళ్ల లెక్క ప్రకారం ఏది వస్తే అదే చెప్పండి, జవాబు కుదురుతుంది."

ఆయనకి ఆ మాట రుచించలేదు. తన కళ్లముందు నిలువెత్తున ఉన్న చెట్టుని పోయిందని ఎలా చెప్పేది? అబద్ధానికి ఆయన కొత్త కాదు. కానీ అవి కాగితం మీది అబద్ధాలు. ఈ చెట్టు కింద రోజూ టీ తాగుతున్నాడు.

విచారణ బహిరంగంగా జరగాలన్నారు. పోయిన చెట్టువల్ల ఎవరెవరికి ఏమేమి ప్రయోజనాలు పోయాయో తేల్చాలన్నారు. ఉపసంచాలకులు గంగరావి కిందే కుర్చీ వేయించుకున్నారు. వీధంతా వచ్చి కూర్చుంది. ప్రయోజనం పోయినవారికి పరిహారం ఉండొచ్చని ఎవరో పుకారు లేపడంతో, ఆ చెట్టుకింద ఎన్నడూ నిలబడనివాళ్లు కూడా ముందు వరసలో చేరారు. ఒకాయన ఆ ఎర్ర చెట్టుకి తన ఆవును కట్టేవాణ్ణన్నాడు. ఇప్పుడు ఆవు ఏదంటే, చెట్టుతో పాటే పోయిందన్నాడు. ఒక ముసలాయన వీపు మీద తామర చూపించి, ఎర్ర చెట్టు పాలైతేనే దీనికి పనిచేసేవని, పసుపు చెట్టుపాలు చల్లదనం చేస్తాయని వాపోయాడు. ఉపసంచాలకులు అన్నీ శ్రద్ధగా రాయించుకున్నారు.

కామేశుని అడిగారు. ఆయన తలెత్తి కొమ్మల్ని చూసుకుంటూ, ఉన్న చెట్టుని ఉంచితే చాలు, పోయినదాని గురించి తనకేమీ బాధ లేదన్నాడు. ఆ జవాబు పనికి రాదని కొట్టేశారు.

నూకరత్నం వంతు వచ్చింది. పోయిన వృక్షం నీడ ఎంత మేర ఉండేదో చెప్పమన్నారు.

"అది సాయంత్రంపూట కనబడే సెట్టంటున్నారు గదండి. సాయంత్రం సెట్టుకి నీడేటండి బాబూ" అంది.

ఉపసంచాలకులు గుమాస్తా వైపు తిరిగి, అదృశ్య వృక్షము నీడ లేనిదిగా సాక్షి వాంగ్మూలము వలన తేలినది అని రాయించారు. గుంపులో ఒకరిద్దరు గుండెల మీద చెయ్యేసుకున్నారు. నీడలేని చెట్టంటే ఏదో దయ్యం సంగతి అయుంటుందనుకున్నారు.

నూకరత్నానికి విసుగెత్తింది. టీ గ్లాసులు కింద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"పొద్దున్న పసుపు, సాయంత్రం ఎరుపు. ఇదే సెట్టండి. ఇందులో దొంగా లేడు, దొరా లేడు. పసిపిల్లోణ్ణడిగినా సెబుతాడు. తవరికి తెల్దేటి?"

ఉపసంచాలకులు కోపగించుకోలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఒక్క క్షణం ఆయన గొంతులో ఉత్తర్వు పోయి మనిషి మాట వచ్చింది.

"నాకెందుకు తెలియదమ్మా. మాదీ సముద్రపొడ్డే. ఈ ఆకుతో బూర చేసి ఊదినవాణ్ణే నేనూ. నాకు తెలుసు. ఫైలుకి తెలియదు."

"మరి రాసెయ్యండి, తెలుత్తాది."

"రాస్తే ఏమవుతుంది? చెట్టు ఒకటేనంటే ఇక్కడ ఒకటి తగ్గుతుంది. ఇక్కడ తగ్గితే తీరమంతా తగ్గాలి. తీరమంతా తగ్గితే సంచాలకులుగారు సన్మానపు శాలువా వెనక్కివ్వాలి. ఆ మాట ఆయనకి చెప్పడానికి ఈ సంస్థలో ఎవరికైనా మరో ఉద్యోగం దొరికిందా?"

కళ్లజోడు పెట్టుకోగానే గొంతు మళ్లీ ఉత్తర్వులోకి వెళ్లిపోయింది. విచారణ ముగిసినదన్నారు.

తీర్పు వారంలో వచ్చింది. దక్షిణామూర్తి దాన్ని మొదట కూర్చుని చదివాడు. తరవాత లేచి నిలబడి చదివాడు. ఎలా చదివినా అలాగే ఉంది.

'అదృశ్యమైన వృక్షము స్థానమున అదే జాతికి, అదే వర్ణమునకు చెందిన వృక్షమును, అదే అక్షాంశ రేఖాంశములపై, అంగుళము తేడా రాకుండా నాటవలెను. సదరు స్థానమును ప్రస్తుతము ఆక్రమించియున్న పసుపు పూల వృక్షమును తక్షణమే తొలగించవలెను. ఉల్లంఘించినచో బాధ్యుడైన ఉద్యోగిపై కఠిన చర్య తీసుకొనబడును.'

ఉన్న చెట్టుని కొట్టేసి, దాని స్థానంలో పోయిన చెట్టుని నాటాలి. ఆ పోయిన చెట్టు ఈ ఉన్న చెట్టే. దక్షిణామూర్తికి నవ్వు రాలేదు. బయటికి వచ్చి చెట్టు మొదట్లో నిలబడ్డాడు. ఎన్నడూ లేనిది మొదటిసారి దాని బెరడు మీద చెయ్యి వేశాడు. గరుకుగా, ఎండకి వెచ్చగా ఉంది. నూకరత్నం గారెలు తీస్తూ ఏం కాగితమని అడిగింది. ఆయన చెప్పాడు. ఆవిడ జల్లిగరిటె నూనెలోనే వదిలేసింది. బడ్డీ ఎక్కడికి తీసుకుపోవాలో తెలియక కాదు, ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. కానీ పెళ్లయి వచ్చిన నాటినుంచీ ఆవిడ పొద్దున్న లేచి చూసే మొదటి ముఖం ఆ చెట్టుదే.

ఎర్ర మొక్క కోసం నర్సరీకి రాశారు. గంగరావి మొక్కలు ఎన్ని కావాలంటే అన్నున్నాయని, అయితే అవి ఇంకా పూత పట్టలేదు గనక ఏ మొక్క ఏ రంగుదో చెప్పలేమని నర్సరీవారు జవాబిచ్చారు. మొక్క దొరకకపోయినా ముందు చోటు ఖాళీ చెయ్యమని, నాటే కార్యక్రమానికి తామే స్వయంగా వస్తామని ఉపసంచాలకులు కబురు పెట్టారు.

చెట్టు కొట్టే మేస్త్రీ దంగేటి భూషణం ఇద్దరు మనుషుల్నీ, ఒక మిషను రంపాన్నీ వేసుకుని పొద్దున్నే దిగిపోయాడు. చెట్టు నిండా పసుపు పువ్వులు. చేపల పాట ఆగిపోయింది. కామేశు అక్కడే ఉన్నాడు గానీ ఎప్పుడూ చూసేలా కొమ్మల వంక చూడలేదు. చెట్టంతా తన పడవలకి వస్తుందని ఎవరో అంటే, వాడి మీద విరుచుకుపడ్డాడు.

దక్షిణామూర్తి ఆఫీసు అరుగు మీద నిలబడి రంపం వైపు చూశాడు. ఎదురు తిరగడం ఆయనకి చేతకాదు. కేకలు వెయ్యడం చేతకాదు. చెట్టుని కావలించుకుని నేను చస్తేనే అనడం అసలే చేతకాదు. చేతనైంది ఒక్కటే ఉంది, పని జరగకుండా చూసుకోవడం. అంతవరకూ ఆ విద్యని ఆయన తన కోసమే వాడుకున్నాడు. ఆ రోజు అరుగు దిగి భూషణం దగ్గరకి వెళ్లి, ముందుగా ఉత్తర్వు అసలు ప్రతి చూపించమన్నాడు.

భూషణం చూపించాడు. దక్షిణామూర్తి దాన్ని అక్షరం అక్షరం చదివి, గుండ్రటి ముద్ర వెయ్యాల్సిన చోట కోలగా ఉందన్నాడు. నకలు తీయించాలన్నాడు. నకలు తీసే దుకాణంలో కరెంటు లేదు. కరెంటు వచ్చాక, చెట్టు మీద పిట్టగూళ్లేమైనా ఉన్నాయేమో చూడాలని నియమం గుర్తు చేశాడు. ఒకడు ఎక్కాడు. కాకిగూడు ఒకటి ఉందన్నాడు. అందులో పిల్లలున్నాయా అంటే, కాకి చూడనివ్వడం లేదన్నాడు. కాకి బయటికెళ్లే దాకా ఆగారు. గూడు ఖాళీ అని తేలాక, కొట్టే ముందు చుట్టుకొలత కొలవాలన్నాడు. కొలిచే టేపు స్టోరులో ఉంది. స్టోరు తాళంచెవి అటెండరు దగ్గర ఉంది. అటెండరు తోడల్లుడి గృహప్రవేశానికి వెళ్లాడు. భూషణం ఒకసారి విసుక్కున్నాడు గానీ, ప్రభుత్వ పనుల్లో నలిగినవాడు గనక, అతనికి తేడాగా అనిపించలేదు. అన్ని ఆఫీసుల్లోనూ ఇంతే.

టేపు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కొలుస్తుంటే బడ్డీ దగ్గరనుంచి పులుసు వాసన వచ్చింది. నూకరత్నం ఆ రోజు గారెలు మానేసి, చందువా చేపల పులుసు పెట్టి అన్నం వండింది. ఎందుకు వండుతున్నావని దక్షిణామూర్తి అడగలేదు, ఆవిడ చెప్పలేదు. పనివాళ్లు పస్తు కూడదని మాత్రం భూషణంతో అంది.

"తినేసి కొట్టండి. సెట్టెక్కడికి ఎల్లిపోద్ది" అంది.

తిన్నారు. మారు వడ్డిస్తే మళ్లీ తిన్నారు. పైన గంగరావి ఆకులు, ఎదురుగా సముద్రపు గాలి, కడుపులో చందువా పులుసు. భూషణం రంపం తలకింద పెట్టుకోబోయి, అది రంపమని గుర్తొచ్చి, తువ్వాలు చుట్టి పెట్టుకుని ఒరిగాడు. ముగ్గురూ గుర్రు పెట్టారు. వీధిలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. చేపలబండి హారను కొట్టబోతే కామేశు వెళ్లి దాని చక్రానికి అడ్డంగా నిలబడ్డాడు.

పొద్దు వాలింది. భూషణం లేచి, ముఖం కడుక్కుని, నొచ్చుకుంటూ రంపం చేతిలోకి తీసుకున్నాడు. ఇక ఏ అడ్డమూ లేదు కదా అన్నాడు. ఏమీ లేదని, ఉత్తర్వులో ఉన్న చెట్టేనో కాదో ఒక్కసారి సరిచూసుకుంటే చాలని దక్షిణామూర్తి అన్నాడు. ఇద్దరూ కాగితం చదివారు. పసుపు పూల వృక్షము అని ఉంది. భూషణం తలెత్తాడు. చెట్టు నిండా ఎర్ర పువ్వులు. చుట్టూ తిరిగి చూశాడు. ఒక్క పసుపు పువ్వు కోసం వెతికాడు. దొరకలేదు.

"ఇది ఎర్ర చెట్టండి" అన్నాడు చివరికి.

"పోయిన చెట్టు అదే" అన్నాడు దక్షిణామూర్తి. "దీని మీద పోలీసు కేసుంది. దీని మీద చెయ్యి వేస్తే ఎవరు జైలుకెళ్తారో నేను చెప్పలేను."

భూషణం రంపం కిందపెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు.

సరిగ్గా ఆ సమయానికి ఉపసంచాలకుల కారు వచ్చింది. పొద్దున్న పదింటికి రావలసిన కార్యక్రమానికి ఆయన దీపాలు పెట్టే వేళకి వచ్చారు. తనిఖీలకే గాని, మొక్కలు నాటడానికి వేళాపాళా లేదు. కారు దిగుతూనే చెట్టుని చూశారు. ఎర్ర పువ్వు ఒకటి గాలికి ఊగుతోంది. ఆయన ముఖంలో ఏమేమి మెదిలాయో దక్షిణామూర్తికి తెలియదు. తనకి మాత్రం సుభాషిణి మజ్జిగ పోస్తూ అన్న మాట మెదిలింది.

"మూర్తిగారూ, పసుపు వృక్షం ఏది?"

"ఉత్తర్వు ప్రకారం లేదండి."

"మరి ఇది?"

"ఉత్తర్వు ప్రకారం ఉందండి."

ఉపసంచాలకులు చుట్టూ కలియజూశారు. భూషణం కిందపెట్టిన రంపం, పక్కన ఉత్తర్వు, ముందు ఎర్ర చెట్టు. స్థానం అంగుళం కూడా తేడా లేదు. జాతి అదే, వర్ణం అదే. ఆయన మెల్లగా దక్షిణామూర్తి చెయ్యి పట్టుకుని ఊపారు. అక్కడే కారు బానెట్ మీద నివేదిక రాయించారు. పసుపు వృక్షము ఉదయము తొలగించబడినది. ఎర్ర వృక్షము అదే దినమున అదే స్థానమున నాటబడినది. సాయంత్రము సందర్శించగా, నాటిన మొక్క రెండంతస్తుల ఎత్తు పెరిగి, పూత పూసి, కాకిగూడు సహితముగా ఉన్నది. ఎదుగుదల సంతృప్తికరము.

పసుపు చెట్టు కొట్టిన చెక్క ఏదని గుమాస్తా అడిగితే, కామేశు చెయ్యెత్తి, తాను పట్టుకుపోయానన్నాడు. కాకిగూడు సంగతి కొంచెం ఎక్కువైందేమోనని గుమాస్తా నసిగాడు. ఉపసంచాలకులు, వాస్తవాలను దాచడం తన స్వభావం కాదన్నారు. వెళ్లబోతూ ఒక ఆకు తుంపి, చుట్టి, అటూ ఇటూ చూసి, ఊదారు. బూర పలికింది. కారెక్కి వెళ్లిపోయారు.

ఆ రాత్రి దక్షిణామూర్తి నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

నివేదిక రాజధానికి చేరింది. సంచాలకులు ఎంతో ముచ్చట పడ్డారు. ఒక్క పూటలో మొక్క మానైన వైనాన్ని వివరించమని, ఏ ఎరువు వాడారో తెలపమని ఉప్పులమెరకకి రాశారు. సంస్థ పర్యవేక్షణ తప్ప మరే ఎరువూ వాడలేదని దక్షిణామూర్తి జవాబిచ్చాడు. ఆ వాక్యాన్ని అచ్చువేసి అన్ని శాఖలకీ పంపారు. ఏళ్ల తరబడి ఎదురు తిరగని మనిషికి ఎదుగుదల వచ్చింది. ఆయన పేరు పక్కన ముఖ్య పర్యవేక్షకుడు అన్న మాట చేరింది.

అయితే చెట్టుకి ఈ సంగతులేవీ తెలియవు. నివేదిక రాసిన మర్నాడే అది నిండా పసుపు పువ్వులు పూసి నిలబడింది. ఆఫీసుకి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే దాన్ని చూసి, తల వంచుకుని లోపలికి వెళ్లారు. కొట్టేసిన చెట్టు గుమ్మంలో నిలబడి ఉంటే పని చెయ్యడం ఎవరికైనా ఇబ్బందే. ఉపసంచాలకుల దృష్టికి తీసుకెళ్తే, ఆయన వెంటనే ఉత్తర్వు ఇచ్చారు. కార్యాలయ వేళల్లో ఆ వైపు తలుపులూ కిటికీలూ మూసి ఉంచవలెను. సాయంత్రము ఎర్ర వృక్షము కనిపించు వేళకు తెరవవచ్చును.

మూశారు. గాలి ఆడే వైపు అదొక్కటే. మొదటి రోజు చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నారు. రెండో రోజు అటెండరుకి కళ్లు తిరిగాయి. మూడో రోజు దక్షిణామూర్తి తన కుర్చీ పట్టుకుని పెరటి దారిన బయటికి నడిచాడు. వెనకాలే గుమాస్తా బల్ల మోసుకొచ్చాడు. ఆ తరవాత ఫైళ్లొచ్చాయి, ముద్రలొచ్చాయి, చివరికి మంచినీళ్ల కూజా కూడా వచ్చింది.

ఇప్పుడు ఉప్పులమెరకలో తీర వృక్ష సంరక్షణ సంస్థ వారి పనంతా కొట్టేసిన చెట్టు నీడలోనే జరుగుతోంది. కాగితాలు ఎగిరిపోకుండా నూకరత్నం టీ గ్లాసులు బరువు పెడుతుంది. ఎవరైనా అర్జీ పట్టుకుని వచ్చి ఆఫీసు ఎక్కడని అడిగితే, చేపల పాట పాడేవాళ్లు పాట ఆపకుండానే గంగరావి వైపు చెయ్యి చూపిస్తారు.